ఎరుపు తెలుపు బ్లాకుల పెట్టె ఎక్కడిది?

పాఠకుల ప్రశ్నలు – సైకాలజిస్టు జవాబులు

ఈ నెల ఉత్తరాల్లో నాలుగింటిని కలిపి తీసుకుంటున్నాను. రాసినవారిలో ఒక తల్లి, ఒక విద్యార్థి, ఒక ట్యూషన్ మాస్టారు, ఒక అమ్మమ్మ ఉన్నారు. ఎవరికి వారు వేరే సంగతి అడిగామనుకున్నారు గానీ, నలుగురూ అడిగింది ఒకే పెట్టె గురించి, ఐక్యూ పరీక్ష పెట్టె గురించి. ముప్పై ఏళ్ళకు పైగా ఆ పెట్టె బల్ల మీద పెట్టుకుని పిల్లలతో కూర్చున్నదాన్ని. అందుకే ఈసారి కాస్త ఎక్కువే రాస్తున్నాను.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్ళు. చదువులో వెనకబడ్డాడని మూడేళ్ళ క్రితం ఐక్యూ టెస్ట్ చేయిస్తే 84 వచ్చింది. ఆ రిపోర్టులో ‘మిసిక్’ అని ఉంది. మొన్న హైదరాబాద్‌లో మళ్ళీ చేయిస్తే 72 అన్నారు. దాని మీద ‘విస్క్-4 ఇండియా’ అని రాశారు. వాడి తెలివి తగ్గిపోతోందా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. – ఒక తల్లి, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఒక సంగతి ఆలోచించి చెప్పండి. మూడేళ్ళ క్రితం వాడికి వచ్చిన పని ఏదైనా ఇప్పుడు చేయలేకపోతున్నాడా? చొక్కా గుండీలు పెట్టుకోవడం, వీధి చివరి కొట్టుకు వెళ్ళి చిల్లర తేవడం, తన పేరు రాయడం లాంటివి. వచ్చినవి పోతుంటేనో, మూర్ఛలు వస్తుంటేనో ఆలస్యం చేయకుండా పిల్లల న్యూరాలజిస్టుకు చూపించండి. అలాంటిదేమీ లేకపోతే ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి తీసివేత లెక్క చేయకండి. అవి రెండు వేర్వేరు కొలబద్దలతో తీసిన కొలతలు.

మిసిక్ అంటే నాగపూర్‌కు చెందిన డాక్టర్ మాలిన్ భారతీయ పిల్లల కోసం తిరగరాసిన పరీక్ష. అది 1969లో వచ్చింది. దానికి మూలం అమెరికాలో 1949లో వచ్చిన విస్క్ అనే పిల్లల ఐక్యూ పరీక్ష. మీ బాబుకి ఇప్పుడు చేసింది ఆ విస్క్‌కే నాలుగో తరం. దాన్ని ఇటీవలి భారతీయ పిల్లల స్కోర్లతో పోల్చి చూస్తారు. అంటే మొదటిసారి మీ వాడిని మన తాతల కాలపు పిల్లల పక్కన నిలబెట్టారు, రెండోసారి ఈ కాలపు పిల్లల పక్కన.

దానివల్ల అంత తేడా వస్తుందా అంటే, వస్తుంది. న్యూజిలాండ్‌లో ప్రొఫెసర్‌గా పనిచేసిన జేమ్స్ ఫ్లిన్ 1984లో దీన్ని లెక్కగట్టి చూపించాడు. ఒకే మనిషికి పాత ఎడిషన్, కొత్త ఎడిషన్ రెండూ పెడితే పాతదాంట్లోనే ఎక్కువ స్కోరు వస్తోంది. 1932 నుంచి 1978 లోపు అమెరికన్ల సగటు దాదాపు 14 పాయింట్లు పెరిగిందని ఆయన లెక్క. పదేళ్ళకు సుమారు 3 పాయింట్లన్నమాట. మనుషులు తరతరానికి ఆ ప్రశ్నలు బాగా చేస్తూ వస్తుంటే, పాత నార్మ్స్ (పోలికకు వాడే పట్టికలు) పట్టుకున్నవాళ్ళు అందరికీ ఉదారంగా మార్కులు వేసేస్తారు. మీ బాబు 84లో ఆ ఉదారం కొంత కలిసి ఉండొచ్చు.

కొత్త రిపోర్టులో 72 పక్కన ‘68 నుంచి 77’ లాంటి హద్దు ఏదైనా రాశారేమో చూడండి. రాయకపోతే అడిగి రాయించుకోండి. నిజమైన కొలత ఆ హద్దులో ఎక్కడైనా ఉండొచ్చు. సదరం క్యాంపుకి వెళ్ళాల్సి వచ్చినా ఐక్యూ ఒక్కటే చూడరు. వీఎస్‌ఎంఎస్ అనే ఇంకో పరీక్ష కూడా చేస్తారు. అందులో పిల్లవాడు ఇంట్లో తన పనులు తాను ఎంతవరకు చేసుకుంటాడో మిమ్మల్నే అడుగుతారు. ఆ రోజు తొందరపడకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తినిపించేది మీరే అయితే మీరే అని చెప్పండి. మొహమాటపడి వాడే తింటాడని చెప్పి, రావాల్సిన సాయం పోగొట్టుకున్న తల్లుల్ని చూశాను.

ప్రశ్న: సైకాలజీ ఎం.ఎస్సీ. చదువుతున్నాను. మా డిపార్ట్‌మెంట్ బీరువాలో పాత పరీక్ష పెట్టె ఒకటి ఉంది. మాన్యువల్ మీద డేవిడ్ వెక్స్లర్, 1955, ది సైకలాజికల్ కార్పొరేషన్, ఈస్ట్ 45వ వీధి, న్యూయార్క్ అని ఉంది. ఇప్పుడు అవే పరీక్షల మీద పియర్సన్ అని ఉంటోంది. మధ్యలో ఆ కంపెనీ ఏమైంది? – విశాఖపట్నం

జవాబు: ఆ పెట్టెను పారేయనివ్వకండి. అది పెద్దవాళ్ళ పరీక్ష, ‘వేస్’ మొదటి ఎడిషన్. దాన్నిప్పుడు ఎవరి మీదా వాడకూడదు గానీ, చూసి నేర్చుకోవడానికి అంతకంటే మంచి వస్తువు దొరకదు.

ఆ కంపెనీ కథ ఉద్యోగం పోయిన ఒక ప్రొఫెసర్‌తో మొదలవుతుంది. ఆయన జేమ్స్ మెకీన్ కాటెల్. జర్మనీలో లైప్‌జిగ్‌లో సైకాలజీకి తొలి ప్రయోగశాల పెట్టిన వుంట్ దగ్గర చదివాడు. ‘మెంటల్ టెస్ట్’ అనే మాటను 1890లో వాడుకలోకి తెచ్చింది ఆయనే. ఆయన పరీక్షల్లో చెయ్యి ఎంత గట్టిగా పిండగలరు, శబ్దం వినగానే ఎంత త్వరగా స్పందిస్తారు లాంటివి కొలిచేవారు. ఆయన పాఠాలు చెప్పే కొలంబియా యూనివర్సిటీ విద్యార్థులపై చేసిన ఆ కొలతల్ని క్లార్క్ విస్లర్ 1901లో వాళ్ళ మార్కులతో పోల్చి చూశాడు. రెండింటికీ పొంతనే లేదు. ఆ తరహా పరీక్షల పని దాదాపు అక్కడితో అయిపోయింది. తర్వాత 1917లో, మొదటి ప్రపంచ యుద్ధానికి బలవంతంగా పంపడాన్ని వ్యతిరేకిస్తూ కాంగ్రెస్ సభ్యులకు ఉత్తరాలు రాశాడని కొలంబియా ఆయన్ను తీసేసింది.

అదే సమయంలో అమెరికా సైన్యం 17 లక్షల మందికి పైగా మూకుమ్మడిగా పరీక్షలు పెట్టింది. చదవగలిగినవాళ్ళకు ఆల్ఫా, ఇంగ్లిష్ రానివాళ్ళకు బొమ్మలతో బీటా. యుద్ధం అయ్యాక కంపెనీలకూ స్కూళ్ళకూ పరీక్షల మీద మోజు పుట్టింది. ఎవరు పడితే వాళ్ళు సైకాలజిస్టులమని బోర్డు పెట్టేస్తున్నారు. అసలు శాస్త్రవేత్తలే కలిసి ఒక కంపెనీ పెట్టి పద్ధతిగా ఈ పని చేయాలని కాటెల్ తలపెట్టాడు. థార్న్‌డైక్, వుడ్‌వర్త్ అనే సైకాలజిస్టులు తోడుగా 1921లో న్యూయార్క్‌లో సైకలాజికల్ కార్పొరేషన్ పుట్టింది. వాటాదారులు సైకాలజిస్టులే.

మొదటి ఏళ్ళలో వ్యాపారం నడవనే లేదు. ఏం అమ్మాలో వాళ్ళకే తేలలేదు. 1926లో కాటెల్ తప్పుకుంటే బింగ్‌హామ్ పగ్గాలు పట్టాడు. 1930లలో హెన్రీ లింక్ జనం ఏ సబ్బు కొంటున్నారు, ఏ ప్రకటన గుర్తుంది లాంటి సర్వేలు మొదలుపెట్టాడు. జార్జ్ బెనెట్ పరీక్షల విభాగాన్ని చేతికి తీసుకున్నాడు. పుల్లీలు, గేర్ల బొమ్మలతో ఫ్యాక్టరీ ఉద్యోగాలకు పెట్టే ఆయన మెకానికల్ పరీక్ష 1940లో వచ్చింది. కెరీర్ కౌన్సెలర్లు ఇప్పటికీ పేరెత్తే డాట్ (ఎవరికి ఏ పనిలో సామర్థ్యం ఉందో చూసే పరీక్షల కట్ట) 1947 నాటిది.

ఇక వెక్స్లర్ సంగతి. ఈ కథలో నేను ఎక్కువసేపు ఆగేది ఆయన దగ్గరే. రుమేనియాలో పుట్టి, చిన్నప్పుడే కుటుంబంతో న్యూయార్క్ చేరిన మనిషి. సైన్యంలో ఆల్ఫాలో తప్పినవాళ్ళను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి పరీక్షించడం ఆయన పని. కాగితం మీద మొద్దులనిపించుకున్నవాళ్ళు ఇంటి దగ్గర సంసారం, ఉద్యోగం చక్కగా నడుపుకున్నవాళ్ళే కావడం అక్కడ కళ్ళారా చూశాడు. లండన్‌లో స్పియర్‌మన్, కార్ల్ పియర్సన్ అనే గణాంక పండితుల దగ్గర కొన్నాళ్ళు ఉన్నాడు. (ఈ పియర్సన్‌కూ నేటి కంపెనీకీ చుట్టరికం లేదు. ఆ కంపెనీ 1844లో యార్క్‌షైర్‌లో కట్టడాల పనులతో మొదలైంది. నా విద్యార్థులు ఏటా అడిగేవారు కాబట్టి చెబుతున్నాను.) 1920ల మధ్యలో కొంతకాలం సైకలాజికల్ కార్పొరేషన్‌లోనే పనిచేశాడు. 1932లో బెల్వ్యూ అనే ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో చీఫ్ సైకాలజిస్టు అయ్యాడు.

అప్పటికి చేతిలో ఉన్నది బినే పరీక్ష. పారిస్ బడి పిల్లల కోసం 1905లో పుట్టింది. మానసిక వయసును (ఏ వయసు పిల్లలంత చేయగలిగాడో దాన్ని) అసలు వయసుతో భాగించి నూరుతో గుణించడం తర్వాత వచ్చిన పద్ధతి. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి ఆ లెక్క సరిపోతుంది. నలభై ఏళ్ళ మనిషి దగ్గర ఏం చేస్తారు? ఇరవై దాటాక మానసిక వయసు అన్నమాటకే అర్థం ఉండదు. వెక్స్లర్ భాగహారం మానేశాడు. మనిషిని అదే వయసు మనుషుల మధ్య నిలబెట్టి, సగటుకు ఎంత ఇటో ఎంత అటో చూశాడు. సగటు 100, విచలనం (సగటు నుంచి మామూలుగా ఉండే తేడా) 15. మూడింట రెండొంతుల మంది 85కీ 115కీ మధ్య ఉంటారు. 70 కంటే కింద నూటికి ఇద్దరు. మనం ఈరోజు ఐక్యూ అంటున్నది ఈ లెక్కే. 1939లో వచ్చిన వెక్స్లర్-బెల్వ్యూ పరీక్ష అది. మాటలతో చేసేవి, చేతులతో చేసేవి పక్కపక్కనే పెట్టాడు. చేతులతో చేసేవాటిలో కొన్ని సైన్యం పరీక్షల నుంచి తెచ్చుకున్నవి. బ్లాకులు శామ్యూల్ కోస్ 1920లో ప్రచురించిన పరీక్ష నుంచి.

ఆ బ్లాకు సంగతి ఒకటి చెప్పాలి. ఒక్కో బ్లాకుకు ఆరు ముఖాలు. రెండు ఎరుపు, రెండు తెలుపు, రెండు మాత్రం ఐమూలగా సగం ఎరుపు, సగం తెలుపు. బొమ్మ చూపిస్తాం, పిల్లవాడు బ్లాకులు పేర్చి అదే డిజైన్ చేయాలి, చేతిలో స్టాప్‌వాచ్ నడుస్తుంటుంది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 1980ల చివర్లో, నాకిచ్చిన విస్క్-ఆర్ (విస్క్‌కు సవరించిన ఎడిషన్) సెట్‌లో తొమ్మిది ఉండాల్సిన బ్లాకులు ఎనిమిదే ఉన్నాయి. తొమ్మిదోది వడ్రంగి చేత చేయించి రంగు వేశారు. ఒక మిల్లీమీటరు పెద్దదేమో. ఏడేళ్ళ పాప ఒకతె దాన్ని ప్రతిసారీ తీసి పక్కన పెట్టేసేది. “ఇది వేరేదాండీ” అనేది. సమయం అయిపోయేది, మార్కు పోయేది. ఆ పాప ఎంత శ్రద్ధగా చూస్తోందో నాకు అర్థమవుతోంది, ఫారం మీద సున్నా వేయాల్సి వస్తోంది. రిపోర్టులో ఆ మాట విడిగా రాశాను. మా పైవాళ్ళు అనవసరం అన్నారు, నేను కొట్టేయలేదు. ఒరిజినల్ కిట్ అంత ఖరీదెందుకని అడిగినవాళ్ళకు ఈ పాప కథే చెబుతాను.

ఖరీదు చెక్క ముక్కలది మాత్రమే అనుకోకండి. 1949లో పిల్లల విస్క్ తెచ్చినప్పుడు 5 నుంచి 15 ఏళ్ళ దాకా ఒక్కో వయసుకు నూరుమంది మగపిల్లలు, నూరుమంది ఆడపిల్లలు, మొత్తం 2,200 మందిని ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షించారు. ఆ పని విలువే పెట్టెలో ఉంటుంది. అందులోనే తప్పూ ఉంది. ఆ 2,200 మందీ తెల్లవాళ్ళే. ఆ పట్టికతోనే పాతికేళ్ళు నల్లజాతి పిల్లలకూ, స్పానిష్ మాట్లాడే పిల్లలకూ ముద్రలు వేశారు. 1974 నాటి విస్క్-ఆర్‌లోనే మిగతా జాతుల పిల్లల్ని చేర్చుకున్నారు. కాలిఫోర్నియాలో నల్లజాతి పిల్లల తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. బుద్ధిమాంద్యుల క్లాసుల్లో వేయడానికి ఆ పిల్లలకు ఐక్యూ పరీక్షలు పెట్టరాదని 1979లో జడ్జి పెక్‌హామ్ తీర్పు చెప్పాడు. ఆ తల్లిదండ్రులు అడిగింది న్యాయం. ఆ అడగడం వల్లే మన చేతికొచ్చిన పరీక్షలు కొంతైనా మెరుగయ్యాయని నేను గట్టిగా నమ్ముతాను.

చేతులు మారిన సంగతి క్లుప్తంగా చెబుతాను. 1970లో హార్కోర్ట్ పుస్తకాల కంపెనీ సైకలాజికల్ కార్పొరేషన్‌ను కొంది. అంతకు పదేళ్ళ ముందే ఆ హార్కోర్ట్‌లో వరల్డ్ బుక్ కంపెనీ కలిసింది. ఓటిస్ గ్రూప్ పరీక్ష, స్టాన్‌ఫర్డ్ అచీవ్‌మెంట్ టెస్ట్ అచ్చేసింది వాళ్ళే. అలా బడి పరీక్షలు, ఆసుపత్రి పరీక్షలు ఒక గొడుగు కిందికి వచ్చాయి. 1980లలో ఆఫీసు న్యూయార్క్ వదిలి టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో చేరింది. 1981లో వెక్స్లర్ పోయాడు. అదే ఏడు వేస్-ఆర్ వచ్చింది. ఆయన తర్వాత వచ్చిన 1991, 2003, 2014 విస్క్‌ల మీద కూడా ఆయన పేరే ఉంటుంది. 2001లో హార్కోర్ట్‌ను రీడ్ ఎల్సెవియర్ కొంది. పాత పేరు పోయి హార్కోర్ట్ అసెస్‌మెంట్ అయింది. 2008లో పియర్సన్ చేతికి వచ్చింది. ఒకే కంపెనీ చేతిలో మరీ ఎక్కువ పరీక్షలు పడతాయని అమెరికా ప్రభుత్వం కొన్నింటిని వేరేవాళ్ళకు అమ్మించింది. సైక్‌కార్ప్ అనే ముద్ర మాత్రం చాలాకాలం పెట్టెల మీద మిగిలింది.

మీ పెట్టెలో రికార్డ్ ఫారాలు వాడినవి ఉంటే వాటి మీద మనుషుల పేర్లుంటాయి. వాటిని మీ హెడ్‌కు అప్పగించి తాళం వేయించండి.

ప్రశ్న: నా దగ్గర ట్యూషన్‌కు వచ్చే పిల్లవాడికి వచ్చే నెల ఐక్యూ టెస్ట్ ఉంది. వాట్సాప్‌లో ఆ టెస్ట్ పీడీఎఫ్ ఒకటి దొరికింది. నాలుగు రోజులు ప్రాక్టీస్ చేయిస్తే తప్పా? – ఒక మాస్టారు, అనంతపురం

జవాబు: తప్పే మాస్టారూ. మీ మనసు మంచిదని తెలుసు, కానీ నష్టపోయేది ఆ పిల్లవాడే. కష్టం ఎక్కడుందో పరీక్షకు దొరకదు. ఇవ్వాల్సిన అదనపు సమయం, రైటర్, పాఠం మళ్ళీ చెప్పే టీచరు, ఏవీ రావు. పైగా బొమ్మ ముందే చూసిన పిల్లవాడిని అనుభవం ఉన్నవాళ్ళు నిమిషంలో పట్టేస్తారు, పరీక్ష అక్కడితో ఆపేయాల్సి వస్తుంది. మళ్ళీ అదే పరీక్ష కొన్నాళ్ళు పెట్టడానికి వీలుండదు. ఈ పెట్టెల్ని కంపెనీలు అర్హత చూసి గానీ అమ్మకపోవడానికి కారణం ఇదే. ఆ ఫైలు తీసేయండి, ఎవరికీ ఫార్వర్డ్ చేయకండి. పరీక్ష ముందురోజు రాత్రి వాడిని త్వరగా పడుకోబెట్టమని, కళ్ళజోడు ఉంటే మరిచిపోకుండా తెమ్మని ఇంట్లోవాళ్ళకు చెప్పండి. అది చాలు.

ప్రశ్న: మా అమ్మాయివాళ్ళు టెక్సాస్‌లో ఉంటారు. మనవరాలికి ఆరున్నరేళ్ళు. ఇంట్లో అంతా తెలుగే. స్కూలువాళ్ళు ఏవో సైకాలజీ పరీక్షలు చేస్తామంటున్నారట. పిల్లకు ఏమైనా ముద్ర వేసేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక అమ్మమ్మ, గుంటూరు

జవాబు: అమ్మా, తల్లిదండ్రులు సంతకం పెట్టి ఒప్పుకోకుండా ఆ పరీక్ష మొదలుపెట్టడానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. పిల్ల మాతృభాష ఏదో చూసుకుని పరీక్షించాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. ఆ నియమం ఊరికే రాలేదు. స్పానిష్ మాట్లాడే పిల్లలకు ఇంగ్లిష్‌లో పరీక్ష పెట్టి మందబుద్ధి క్లాసుల్లో వేస్తున్నారని డయానా అనే పాప తరఫున కాలిఫోర్నియాలో కేసు వేశారు. 1970లో రాజీ కుదిరింది. కాబట్టి మీ అమ్మాయిని భయపడకుండా నోరు తెరిచి అడగమనండి. మా పాప ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, దాన్ని ఎలా లెక్కలోకి తీసుకుంటున్నారు అని.

భాష ఎంత చిన్నచోట అడ్డం పడుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. సెకనుకు ఒక అంకె చొప్పున చదివితే పిల్లలు తిరిగి చెప్పే పరీక్ష ఒకటుంది. బ్రిటన్‌లో వెల్ష్ మాట్లాడే పిల్లలకు విస్క్‌లో ఆ స్కోరు తక్కువ వచ్చేది. జ్ఞాపకశక్తి తక్కువేమో అనుకున్నారు. ఎల్లిస్, హెనెలీ అనే ఇద్దరు 1980లో తేల్చిందేమిటంటే, వెల్ష్ అంకెలు పలకడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతే. ఇప్పుడు మీరు పైకి చెప్పి చూడండి. ‘ఎయిట్’ ఒక్క ఊపులో అయిపోతుంది. ‘ఎనిమిది’ అనడానికి నాలుగు అక్షరాలు పలకాలి. ‘తొమ్మిది’కి మూడు. నేను బల్ల దగ్గర కూర్చోగానే పిల్లల్ని “నువ్వు ఎంచేటప్పుడు వన్ టూ అంటావా, ఒకటి రెండు అంటావా?” అని అడిగేదాన్ని. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడినా ఎంచేది ఇంగ్లిష్‌లోనే. కొందరు మాత్రం బామ్మ దగ్గర పెరిగి అచ్చంగా తెలుగులో ఎంచుతారు. మీ మనవరాలు ఎలా ఎంచుతుందో ఈ రాత్రి వీడియో కాల్‌లో చూడండి. గాజులు లెక్కపెట్టమనండి. అది మీ అమ్మాయికి చెప్పండి, ఆమె పరీక్షించేవాళ్ళకు చెబుతుంది. వాళ్ళకు అది పనికొచ్చే సమాచారం.

పాత ఎడిషన్లలో అమెరికా నాణేల మీద కూడా ప్రశ్న ఉండేది. ఇక్కడ మా పిల్లలు దానికి బిత్తరపోయి నా మొహం చూసేవారు. మీ మనవరాలు అక్కడే పెరుగుతోంది కాబట్టి ఆ బాధ ఉండదు.

పరీక్ష అయ్యాక రిపోర్టు కాపీ అడిగి తీసుకోమనండి. దాంట్లో పరీక్ష పేరు, ఎడిషన్, ఏ భాషలో చేశారు, పక్కన దుబాసీ ఉన్నారా లేదా అనేవి ఉండాలి. అర్థం కాకపోతే పాప పేరు, స్కూలు పేరు కొట్టేసి నాకు పంపండి. వచ్చే నెల ఇదే పేజీలో వరస వరసగా చదివి చెబుతాను.